మిత్రదేశం మీద దాడికి డబ్బులివ్వం అనాలి

2023 డిసెంబర్ నాటి అమెరికా రక్షణ చట్టంలో ఒక సెక్షన్ ఉంది. సెనేట్‌లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనో, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చట్టం చేస్తేనో తప్ప అధ్యక్షుడు అమెరికాను నాటో సైనిక కూటమి నుంచి బయటికి తీసుకురాకూడదు. దాన్ని పట్టుబట్టి పెట్టించినవాళ్లలో అప్పటి సెనేటర్ మార్కో రూబియో ఒకరు. మరి నాటోలో ఉంటూనే తోటి సభ్యదేశం మీదికి సైన్యాన్ని పంపితే? ఆ సెక్షన్‌లో దాని ఊసే లేదు. అలాంటి రోజొస్తుందని అప్పుడు ఎవరనుకున్నారు లెండి!

గ్రీన్‌లాండ్ కోసం సైన్యాన్ని వాడనని మాటివ్వడానికి 2025 జనవరిలో ట్రంప్ ఒప్పుకోలేదు. ఏడాది తర్వాత దావోస్‌లో బలం వాడనన్నారు. సంతోషమే, కానీ అది చట్టం కాదు. గ్రీన్‌లాండ్ డెన్మార్క్ కిందిది, డెన్మార్క్ నాటో సభ్యదేశం. అఫ్గానిస్తాన్‌లో మన అమెరికా పక్కన నిలబడి 40 మందికి పైగా సైనికుల్ని పోగొట్టుకున్న దేశం.

అధ్యక్షుడి యుద్ధాధికారాలకు హద్దు పెట్టే 1973 నాటి వార్ పవర్స్ చట్టం ఉందిగా అంటారు. దాని గడియారం సైన్యం కదిలాకే మొదలవుతుంది. 48 గంటల్లో కాంగ్రెస్‌కు చెప్పాలి, అనుమతి రాకపోతే 60 రోజుల్లో ఆపాలి. గ్రీన్‌లాండ్ రాజధాని నూక్ లాంటి చిన్న ఊరిని పట్టుకోవడానికి 60 రోజులు కావాలా? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. పైగా 2011లో లిబియాలో సైనిక చర్య ఆ గడువు దాటితే, ఇది చట్టం చెప్పే పోరాటం కిందికి రాదని ఒబామా ప్రభుత్వం వాదించింది. పార్టీ ఏదైనా కుర్చీ గుణం అదే. ఆపమని కాంగ్రెస్ తీర్మానం చేస్తే అధ్యక్షుడు వీటో చేసి కొట్టేస్తారు. యెమెన్ విషయంలో 2019లో, ఇరాన్ విషయంలో 2020లో జరిగిందదే.

పనిచేసేది డబ్బు. 1973 జూన్‌లో కాంబోడియా బాంబింగ్‌కు నిధులు ఆపే బిల్లును అప్పటి అధ్యక్షుడు నిక్సన్ వీటో చేశారు. దాన్ని తోసిపుచ్చేంత బలం కాంగ్రెస్‌కు లేదు. అయినా సభ్యులు తగ్గలేదు. ప్రభుత్వం నడవడానికి తప్పనిసరైన నిధుల బిల్లులకే ఆ షరతు తగిలిస్తామన్నారు. నిక్సన్ దిగొచ్చి సంతకం పెట్టారు. ఆగస్టు 15న బాంబులు ఆగాయి.

అధ్యక్షుడి చేతులు కట్టేస్తే దేశ రక్షణ ఏమవుతుందని కొందరికి టెన్షన్. మన మీద దాడి జరిగితే తిప్పికొట్టొద్దని ఎవరూ అనడం లేదు.

అమెరికాలోని మన తెలుగు అసోసియేషన్ వేడుకలకు కాంగ్రెస్ సభ్యులొస్తే శాలువా కప్పి, ఫొటో దిగి, హెచ్‌-1బి వీసాల గురించి అడిగి పంపేస్తాం. ఈసారి ఇంకోటి కూడా అడగండి: మిత్రదేశం మీద దాడికి ఒక్క డాలరు కూడా ఖర్చు చేయకూడదన్న షరతును రక్షణ నిధుల బిల్లులో పెట్టడానికి మీరు ఓటేస్తారా, లేదా?