వేలాడే స్తంభం కింద దూరే కర్చీఫ్ గారికి

అయ్యా కర్చీఫ్ గారూ,

లేపాక్షి వీరభద్రాలయంలో తమరి వైభోగం చూస్తుంటే ముచ్చటేస్తోంది. బెంగళూరు నుంచి 120 కిలోమీటర్లు వచ్చిన కుటుంబం, బాగేపల్లి దాటి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకు మళ్లి, గుడి ముందు చెప్పులు విడిచి, నేరుగా తమరి సేవకే వస్తుంది. ఒకరు ఇటు గొంతుక్కూర్చుని తమరిని స్తంభం కిందికి తోస్తారు, ఇంకొకరు అటు నుంచి లాగుతారు, మూడో మనిషి వీడియో తీస్తాడు. తమరు బయటపడితే ఇంటికి శుభమట! ఆ మంటపంలో సుమారు 70 స్తంభాలున్నాయి. బుద్ధిగా నేల మీద నిలబడి కప్పు మోస్తున్న పాపానికి మిగతావాటి మొహం చూసే నాథుడు లేడు.

అసలు గుట్టు తమరికి తెలుసు. ఆ స్తంభం పూర్తిగా వేలాడటం లేదు, ఒక మూల నేలకు ఆని ఉంది. పల్చటి చున్నీ అయితే సర్రున జారిపోతుంది. మందపాటి టర్కీ టవల్ ఆ మూల దగ్గర మొరాయిస్తుంది. అప్పుడు భక్తుడు బలం చూపిస్తాడు. చిరిగేది తమరి అంచే.

మా గోడు ఒకటే. తమరి పుణ్యమా అని అందరి తలలూ కిందికే. మీ వంశం మాత్రం పైన ఉంది స్వామీ! అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి ఇది. కప్పుకు సున్నపు పూత పూసి, దాని మీద కావి ఎరుపు, పసుపు, సున్నపు తెలుపు, మసి నలుపులతో బొమ్మలు వేశారు. పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం అక్కడే ఉన్నాయి. కథ తెలియకపోయినా ఫరవాలేదు, బట్టలు చూడమనండి. వరసగా నిలబడ్డ ఆడవాళ్లలో ఒకరిది గళ్ల చీర, పక్కామెది చారలది, ఆ పక్కన పూలది. మగవాళ్ల నెత్తిన పొడుగాటి కుళ్లాయిలు. 16వ శతాబ్దపు బట్టల కొట్టు తలకిందులుగా తెరిచి పెట్టినట్టుంటుంది.

చూడటానికీ ఓ పద్ధతుంది. ఎండలోంచి వచ్చీ రాగానే ఏమీ కనబడదు, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఐదు నిమిషాలు ఆగాలి. ఫ్లాష్ కొట్టకూడదు. చిన్న బైనాక్యులర్ ఉంటే మెడకు మేలు. పొద్దున్నే రావాలి. మిట్టమధ్యాహ్నం బయట బండ మీద పాదం పెడితే మనిషి నాట్యమంటపానికి నాట్యం చేస్తూనే వస్తాడు.

ఆ తర్వాత నంది దగ్గర ఒక ఫోటో, రోడ్డు పక్కన కొబ్బరిబోండాం, తిరుగు ప్రయాణం. హిందూపురం, మడకశిర, అమరాపురం మీదుగా హేమావతి వెళ్లేవాళ్లెందరు? మూడు వైపులా కర్ణాటక చుట్టుకున్న మూల అది. ఒకప్పుడు నొళంబ పల్లవుల రాజధాని, పాత పేరు హెంజేరు. అక్కడి సిద్ధేశ్వరుడు లింగం కాదు, మనిషి రూపంలో కూర్చున్న శివుడు. నున్నటి నల్లరాతి స్తంభాల మీద చెక్కడం చూస్తే అది రాయా, కంసాలి పనా అని అనుమానమొస్తుంది. అక్కడి శిల్పాలు కొన్ని చెన్నై మ్యూజియంలో కాపురముంటున్నాయి. వాటిని చూసినవాళ్లు కూడా అవి ఏ ఊరివో అడగరు.

హేమావతిలో దూరడానికి తమరికి సందు లేదు. చెమట తుడవడానికి వస్తే మాత్రం రండి, ఎండ దండిగానే ఉంటుంది.

ఇట్లు,
మెడలు పట్టేసినవాళ్లు