చిరిగితే చిరగనివ్వండి

వేసవి సెలవులు మొదలైతే చాలు, గ్రంథాలయాల గేట్లకు శిబిరాల బ్యానర్లు ఎక్కుతాయి. కథలు చెప్పడం, బొమ్మలు వేయించడం, చదరంగం, స్పోకెన్ ఇంగ్లిషు, ఆఖరి రోజున అతిథి చేతుల మీదుగా ప్రశంసాపత్రాలు. తప్పేమీ లేదు. పిల్లలు ఎండన పడకుండా నీడపట్టున ఉంటారు. కానీ ఆ శిబిరానికి వచ్చిన వారిలో ఎందరు పుస్తకం చేతపట్టుకొని ఇంటికి వెళ్లారు? నా లెక్కలో అడగవలసిన ప్రశ్న ఇదొక్కటే.

మొన్న ఒక శాఖా గ్రంథాలయంలో పిల్లల పుస్తకాలన్నీ అద్దాల బీరువాలో ఉన్నాయి. దానికి తాళం. తొమ్మిదేళ్ల పాప ఒకతె అద్దానికి ముక్కు ఆనించి పేర్లు చదువుకుంటోంది. ఏనుగు బొమ్మ ఉన్న పుస్తకం కావాలంది. తీసి ఇచ్చారు, ‘ఇక్కడే చదివి ఇచ్చేయాలి తల్లీ’ అన్న షరతుతో. నాలుగు పేజీలు తిప్పిందో లేదో బొమ్మల తరగతికి పిలుపు వచ్చింది. ఏనుగు మళ్లీ బీరువాలోకి పోయింది.

గ్రంథపాలకుణ్ణి తప్పుపట్టి లాభం లేదు. తనిఖీలో పుస్తకం లెక్క తగ్గితే సంజాయిషీ ఇచ్చుకోవలసింది ఆయనే. ఎవరూ చదవలేదేమని అడిగే తనిఖీ మాత్రం ఉండదు. అలాంటప్పుడు తాళం వేసుకోక ఏం చేస్తాడు? పాత పుస్తకం వెనక అట్ట లోపల తేదీల ముద్రలు వేసే కాగితం ఉంటుంది కదా, ఆ రోజు ఒకటి తీసి చూశాను. పదకొండేళ్లలో రెండే ముద్రలు. పుస్తకం మాత్రం పెళ్లికూతురిలా మెరిసిపోతోంది!

పైగా చాలా శాఖా గ్రంథాలయాలు పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరుస్తారు. పిల్లలను గడప దాటనివ్వని మిట్టమధ్యాహ్నం అవి మూసి ఉంటాయి. ఆ నాలుగైదు గంటలే ఫోను ఏలుబడి. ఆ సమయంలో పుస్తకం ఇంట్లో ఉండాలి, బీరువాలో కాదు. అందుకే సెలవుల వరకైనా పిల్లలకు డిపాజిట్ అడగకండి. బడి హెడ్‌మాస్టరు సంతకం ఉంటే రెండేసి పుస్తకాలు ఇచ్చి పంపండి. నూటికి పది తిరిగి రాకపోతే రిజిస్టరులో కొట్టేసే అధికారం గ్రంథపాలకుడికి ఇవ్వండి. పప్పు మరకలు పడతాయి, చెల్లెలు పేజీ చింపుతుంది. చిరగనివ్వండి. కథలన్నీ ఫోనులోనే దొరుకుతున్నాయనే వారున్నారు. దొరుకుతాయి, నిజమే. కథ మధ్యలో ఆట పిలుస్తుంది, ఆట మధ్యలో వీడియో. కథ ముగిసేదెప్పుడు?

పుస్తకమే మనిషి దగ్గరకు వెళ్లాలన్నది మనకు కొత్త సంగతి కాదు. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య తరం ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించింది. 1935లో పాతూరి నాగభూషణం కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు పంపారు. నీళ్లలో పడితే ఎలా అని ఆగలేదు.

ఆనాడు చందాలు పోగుచేసి నడిపారు. ఇప్పుడు చట్టమే ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు మన దగ్గర వసూలు చేస్తున్నారు. స్థానిక సంస్థలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. బకాయిల వార్తలు మాత్రం ఏటా చదువుతూనే ఉన్నాం. జనం పుస్తకాల కోసం కట్టిన సొమ్మును వేరే ఖర్చులకు వాడుకొని, కొత్త పుస్తకాలకు నిధులు లేవనడం ఏ పద్దు కిందికి వస్తుందో ఏలినవారే చెప్పాలి. పోయిన పుస్తకానికి గ్రంథపాలకుడు జవాబుదారీ అయితే, చేరని సెస్సుకు ఎవరు?

ఈసారి ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయ సెస్సు వరుస వెతకండి. అది ఎప్పుడు జమచేశారో పన్ను కట్టిన చోటే అడగండి. నేను అడిగాను. రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోమన్నారు. పెట్టాను.