జేవియర్ ఏ ఏడు దాకా నడిచాడు? ఎక్స్-మెన్ అభిమానుల తగువులో న్యాయం ఉంది

అతీత శక్తులున్న ఎక్స్-మెన్ జట్టుకు గురువు, చక్రాల కుర్చీలో కూర్చునే ఛార్లెస్ జేవియర్ కాళ్లు ఏ సంవత్సరంలో చచ్చుబడ్డాయి? ఎక్స్-మెన్ సినిమాలన్నీ వరసపెట్టి చూసినవాళ్లు కూడా దీనికి ఒకే జవాబు చెప్పలేరు. 2011లో వచ్చిన ‘ఫస్ట్ క్లాస్’ ప్రకారమైతే 1962లో, క్యూబా తీరంలో, స్నేహితుడై తర్వాత శత్రువుగా మారిన ఎరిక్ (మాగ్నెటో) పక్కకు మళ్లించిన తూటా వెన్నులో దిగినప్పుడు. కానీ అంతకు ఐదేళ్ల ముందే వచ్చిన ‘ద లాస్ట్ స్టాండ్’ మొదటి సన్నివేశంలో, ఆ కథకు ఇరవై ఏళ్ల కిందట, అదే జేవియర్ అదే ఎరిక్‌ను వెంటబెట్టుకుని చిన్నపిల్ల జీన్ గ్రే ఇంటికి నడిచి వెళ్తాడు. 2009 నాటి ‘ఆరిజిన్స్: వోల్వరిన్’ చివర్లో, త్రీ మైల్ ఐలాండ్ నుంచి తప్పించుకున్న పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడూ ఆయన తన కాళ్ల మీదే నిలబడి ఉంటాడు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పదిహేడేళ్ల వయసులో ఎరిక్‌ను కలిశానని 2000లో వచ్చిన మొదటి సినిమాలో జేవియర్ స్వయంగా చెబుతాడు. ‘ఫస్ట్ క్లాస్’లో వాళ్లిద్దరూ కలిసే నాటికి ఆయన ఆక్స్‌ఫర్డ్ చదువు ముగించిన పెద్దవాడు. అతీత శక్తులున్నవాళ్లను వెతికిపెట్టే సెరిబ్రో యంత్రం కట్టడంలో ఎరిక్ సాయం చేశాడని ఒక సినిమా అంటే, దాన్ని హ్యాంక్ మెకాయ్ సీఐఏ కోసం తయారు చేశాడని ఇంకో సినిమా అంటుంది. మొయిరా మెక్‌టాగర్ట్ ఒకచోట డాక్టరు, మరోచోట సీఐఏ ఏజెంటు. అభిమానులు ఈ చిట్టాలు రాసుకుని, సంవత్సరాల వారీగా పటాలు గీసుకుని, ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. బయటివాళ్లు చూసి, “సూపర్ హీరో సినిమాలో లాజిక్ ఏమిటి, చూసి ఆనందించక!” అంటారు. ఈ మాట నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. ఆ వాదనల్లో చాదస్తం కొంత ఉంటే ఉండవచ్చు. కానీ వాటి అడుగున ఉన్న కోపం న్యాయమైనది. ఆ కోపాన్ని గౌరవించాలంటే ముందు ఏ తప్పు కథను గాయపరుస్తుందో, ఏది గీటు కూడా పెట్టదో వేరుచేసుకోవాలి.

నేను పెట్టుకున్న కొలత ఇది: తర్వాత వచ్చిన సినిమా, ముందు మనం చూసిన సన్నివేశాన్ని పెద్దది చేసిందా, చిన్నది చేసిందా?

ఆ కొలతతో చూస్తే జేవియర్ నడక పెద్ద నేరమేమీ కాదు. ఆయన ఏ ఏడు దాకా నడిచాడన్నది తేలకపోయినా, జీన్ ఇంట్లో ఆ పాప శక్తిని చూసి ఇద్దరు స్నేహితులు ఉలిక్కిపడిన క్షణానికి ఏ లోటూ రాదు. సెరిబ్రో ఎవరు కట్టారన్నదీ అంతే. మార్వెల్ స్టూడియోస్‌లో కెవిన్ ఫైగీ వంటి ఒకే వ్యక్తి పర్యవేక్షణలో తీసిన సినిమాల్లోనే ఇలాంటి పొరపాటు దొర్లింది. 2017 నాటి ‘స్పైడర్‌మ్యాన్: హోమ్‌కమింగ్’లో ‘అవెంజర్స్’లో చూపిన 2012 నాటి న్యూయార్క్ యుద్ధం తర్వాత “ఎనిమిదేళ్లకు” అని తెర మీద అక్షరాలు పడ్డాయి. మిగతా సినిమాలతో కలిపి లెక్కేస్తే ఆ కథ జరగాల్సింది 2016లో. అభిమానులు గోల చేశారు, కొన్నాళ్లకు సర్దుకున్నారు. ఆ అంకె తప్పు కావడం వల్ల పీటర్ పార్కర్ పడిన కష్టం ఏదీ తగ్గలేదు కాబట్టి సర్దుకోగలిగారు.

ఇప్పుడు అసలు బరువున్న చోటికి వద్దాం.

‘ఫస్ట్ క్లాస్’ ఒక పెద్ద కొత్త విషయం తెచ్చింది. ఎవరి రూపమైనా ధరించగల నీలిరంగు మిస్టిక్, అంటే రేవెన్, చిన్ననాటి నుంచీ జేవియర్ ఇంట్లో చెల్లెలిలా పెరిగిందట. 1944లో ఆకలితో వంటగదిలో దూరిన ఆ పిల్లను చేరదీసింది జేవియరే. ఇది మనసులో పెట్టుకుని మొదటి సినిమా మళ్లీ చూడండి. అందులో ఎరిక్ పక్షాన ఉన్న మిస్టిక్ దొంగతనంగా జేవియర్ నడిపే స్కూల్లోకి వచ్చి సెరిబ్రోలో విషం కలుపుతుంది, జేవియర్ కోమాలోకి జారిపోతాడు. ఆ ముందు గానీ ఆ తర్వాత గానీ ఆయన ఆమె గురించి ఒక్క మాట అనడు. పెంచిన అన్న మీద చెల్లెలు చేసిన హత్యాయత్నం అది. అంతటి ఘోరం మామూలు విలన్ అనుచరురాలి పనిలా గడిచిపోతుంది. జేవియర్ మౌనానికి అర్థం దొరకదు. ప్రీక్వెల్, అంటే తర్వాత తీసిన ముందు కథ, అక్కడ పాత సన్నివేశాన్ని చిన్నది చేసింది.

అదే ప్రీక్వెల్ ఇంకోచోట అద్భుతం చేసింది. ‘ఫస్ట్ క్లాస్’లో తన నీలి ఒంటిని చూసి సిగ్గుపడే రేవెన్‌కు, ఆ రూపంలోనే నువ్వు అందంగా ఉన్నావని మొదట చెప్పేవాడు ఎరిక్. జేవియర్ ఆ మాట చెప్పలేకపోయాడు కాబట్టే ఆమె ఎరిక్ వెంట వెళ్లిపోతుంది. 2006 నాటి ‘లాస్ట్ స్టాండ్’లో, ఎరిక్ మీదికి వచ్చిన మందు సూదికి మిస్టిక్ తానే అడ్డం పడి, శక్తి పోగొట్టుకుని, మామూలు మనిషిగా నేల మీద పడి ఉంటుంది. ఎరిక్ ఆమెను అక్కడే వదిలేస్తాడు, ఇక నువ్వు మాలో దానివి కావని. పోతూ పోతూ, ఎంత అందంగా ఉండేదో అని నిట్టూరుస్తాడు. ఆ సినిమా తీసినప్పుడు ఎవరి బుర్రలోనూ లేని క్రూరత్వం, ఐదేళ్ల తర్వాత వచ్చిన కథ వల్ల ఆ సన్నివేశంలోకి వచ్చి కూర్చుంది. ఆ ఇద్దరి చరిత్ర తెలిసి ఇప్పుడు ఆ సన్నివేశం చూస్తే గొంతు పట్టేస్తుంది. ఒకే సినిమా ఒక సన్నివేశాన్ని పాడుచేసి, మరోదాన్ని బతికించింది. కంటిన్యుటీ, అంటే సినిమాకూ సినిమాకూ మధ్య కథ పొందిక, తప్పుల పట్టిక మాత్రమే అనుకునేవాళ్లకు నేను చూపించేది ఈ రెండు సన్నివేశాలనే.

అభిమానుల్లో ఒక వర్గం అంటుంది: ‘ఫస్ట్ క్లాస్’ వేరే కథ, రీబూట్, పాతవాటితో పోల్చడమే తప్పు అని. ఈ వాదన నిలవదు. ఆ సినిమా 1944 నాటి నిర్బంధ శిబిరంలో ఇనుప గేటు వంగే సన్నివేశంతో మొదలవుతుంది. 2000 నాటి సినిమా ఆరంభాన్ని దాదాపు అలాగే మళ్లీ తీశారు. మధ్యలో లోగన్, అంటే వోల్వరిన్ పాత్రలో హ్యూ జాక్‌మన్ వచ్చి ఒక్క మాట అని పోతాడు. ఇక 2014 నాటి ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’ అయితే రెండు తరాల నటుల్నీ ఒకే కథలో కూర్చి, 2023లోని ముసలి జేవియర్ చేత 1973లోని పడుచు జేవియర్‌కు ధైర్యం చెప్పించింది. అంత చేసి, ఇవి వేరు వేరని ఎలా అంటాం?

నిజానికి ఆ సినిమా అభిమానుల చేతికి మంచి ఆయుధం ఇచ్చింది. లోగన్ స్పృహను 1973కి పంపి చరిత్రను మార్చారు గనుక, ఆ ఏడాది తర్వాతి తేడాలన్నిటికీ జవాబు దొరికింది. జేవియర్ 1973లో నడవడానికి హ్యాంక్ తయారుచేసిన మందే కారణమనీ చూపించారు. ఆ మందునే పట్టుకుని, తర్వాత కూడా అప్పుడప్పుడూ వాడి ఉంటాడు, అందుకే జీన్ ఇంటికి నడిచి వెళ్లాడు అని సరిపెట్టుకున్న అభిమానులున్నారు. ఇలాంటి శ్రమకు మార్వెల్ కామిక్స్‌లో పాత గౌరవం ఉంది. 1960లలో స్టాన్ లీ, కథలోని తప్పును పట్టి, అది తప్పెందుకు కాదో వివరించి ఉత్తరం రాసిన పాఠకులకు ‘నో-ప్రైజ్’ అని ఒక బహుమతి పంపేవాడు. కవరు విప్పితే లోపల ఏమీ ఉండదు. అయినా పిల్లలు దాన్ని భద్రంగా దాచుకునేవారు. పాఠకుడిని కథలో భాగస్వామిని చేసిన పద్ధతి అది. తప్పు తీసేవాడు శత్రువు కాడనీ, అందరికంటే శ్రద్ధగా చదివినవాడనీ స్టాన్ లీకి తెలుసు.

అయితే అభిమాని పూడ్చగలిగిన గుంతకు ఒక లోతు ఉంటుంది. ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’ చివర్లో, నదిలోంచి బయటికి తీసిన లోగన్‌ను తనకు అప్పగించమంటాడు, అతని మీద ప్రయోగాలు చేయించే సైనికాధికారి స్ట్రైకర్. క్షణంపాటు అతని కళ్లు పసుపుపచ్చగా మెరుస్తాయి. అంటే ఆ వేషంలో ఉన్నది మిస్టిక్. థియేటర్లో ఆ మెరుపు చూసినవాళ్లకు అదొక హామీ: ఈసారి లోగన్ ప్రయోగశాల నరకంలో పడడు, రేవెన్ కాపాడింది. రెండేళ్లకు ‘అపోకలిప్స్’ వచ్చింది. 1983లో లోగన్ స్ట్రైకర్ స్థావరంలోనే, ఒళ్లంతా తీగలతో, పిచ్చెక్కిన మృగంలా ఉన్నాడు. ఎలా వచ్చాడు? రేవెన్ ఏం చేసింది? అదే స్థావరానికి ఆమెను బందీగా పట్టుకొచ్చినా ఆ సంగతి ఎత్తదు. నా దృష్టిలో ఈ సినిమాలన్నిటిలోకీ పెద్ద తప్పు ఇదే, నడకా కాదు, తేదీలూ కాదు. తెర మీద ఇచ్చిన మాట తప్పడం అది. 2013 నాటి సినిమాలో తెగిపోయిన లోహపు గోళ్లు మరుసటి ఏడు లోగన్ చేతులకు మళ్లీ ఎలా వచ్చాయో చెప్పకపోయినా క్షమించవచ్చు, ఎరిక్ అతికించి ఉంటాడని అభిమానులే సర్దిచెప్పుకున్నారు. పసుపుపచ్చ కళ్లకు ఎవరూ ఏమీ సర్దిచెప్పలేకపోయారు.

దర్శకులు మారడం వల్ల ఇలా జరిగిందనే మాట సగమే నిజం. ‘లాస్ట్ స్టాండ్’ సంగతిలో అది ఒప్పుకోవాలి. మొదటి రెండు సినిమాలు తీసిన బ్రయాన్ సింగర్ సూపర్‌మ్యాన్ సినిమాకు వెళ్లిపోయాడు, మాథ్యూ వాన్ వచ్చి షూటింగ్ మొదలుకాక ముందే తప్పుకున్నాడు, ఆఖరికి బ్రెట్ రాట్నర్ పూర్తిచేశాడు. సైక్లాప్స్‌గా, అంటే జీన్ ప్రేమించిన స్కాట్‌గా నటించిన జేమ్స్ మార్స్‌డెన్ కూడా ఆ సూపర్‌మ్యాన్ సినిమాలో ఉన్నాడు. ఇక్కడ ఆయన పాత్ర కథ మొదట్లోనే, చావు కూడా కంటికి చూపించకుండా, ముగిసిపోయింది. కానీ 2006 నాటి ఆ కథ రాసిన ఇద్దరిలో ఒకరైన సైమన్ కిన్‌బర్గే ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’కు, ‘అపోకలిప్స్’కు స్క్రీన్‌ప్లే రాశాడు, 2019లో ‘డార్క్ ఫీనిక్స్’ రాసి దర్శకత్వమూ వహించాడు. కలం చాలావరకు ఒకటే. జ్ఞాపకమే లేదు.

‘డార్క్ ఫీనిక్స్’ కథ 1992లో జరుగుతుంది. 1944లో శిబిరంలో పిల్లవాడిగా ఉన్న ఎరిక్‌కు అప్పటికి అరవై దగ్గర పడాలి; మైకెల్ ఫాస్‌బెండర్ నలభై ఏళ్లవాడిలా ఉన్నాడు. టైమ్‌లైన్ మారితే చరిత్ర మారుతుంది, వయసు ఎందుకు ఆగుతుంది? దీన్ని కూడా నేను వదిలేయగలను. వదల్లేనిది జీన్ గ్రే విషయం. 2014 సినిమా ముగింపులో లోగన్ కొత్త 2023లో కళ్లు తెరిచి, తలుపు దగ్గర బతికున్న జీన్‌ను చూస్తాడు. 2006 నాటి సినిమాలో తన చేతులతో చంపుకున్న మనిషి ఆమె. ఆ ఒక్క చూపు కోసం అభిమానులు ఎనిమిదేళ్లు ఎదురుచూశారు. తర్వాత ‘డార్క్ ఫీనిక్స్’ ఆమెను 1992లోనే ఈ లోకం నుంచి పంపించేసి, స్కూలుకు ఆమె పేరు పెట్టింది. అయితే 2023లో తలుపు దగ్గర నిలబడ్డది ఎవరు? ఆ ప్రశ్న వేసిన అభిమాని తేదీ గురించి అడగడం లేదు. నేను ఏడ్చిన ఏడుపు లెక్కలోకి వస్తుందా రాదా అని అడుగుతున్నాడు.

మనవాళ్లలో కొందరు దీనికి పురాణాల్ని అడ్డం తెస్తారు. వాల్మీకిలో లేని ఉడుత సాయం రంగనాథ రామాయణంలో ఉంది, ఎవరైనా తగువు పెట్టుకున్నారా అని. ఆ పోలిక ఇక్కడ పొసగదు. ఒక కవి ఇంకో కవి కథను మళ్లీ చెప్పినప్పుడు తన పాఠం తనదే, మొదటి నుంచి చివరిదాకా తానే బాధ్యుడు. సినిమా సిరీస్ అలా కాదు, ఇది నిన్నటి కథకు కొనసాగింపు అని చెప్పి మరీ టికెట్ అమ్ముతుంది. నిన్నటి సంగతి గుర్తుంచుకుని రమ్మని ప్రేక్షకుణ్ని పిలిచినవాడు, తాను మరిచిపోకూడదు. ‘హనుమాన్’, ‘కల్కి 2898 ఏడీ’ వంటి వాటితో తెలుగులోనూ విడతల వారీ కథలు మొదలయ్యాయి గనుక ఈ మాట ఇక్కడి రచయితలకూ వర్తిస్తుంది.

‘లోగన్’ మీద జరిగే గొడవ వేరే రకం. 2017లో జేమ్స్ మ్యాన్‌గోల్డ్ తీసిన ఆ సినిమా 2029లో జరుగుతుంది. ఎక్స్-మెన్ దాదాపు లేరు, మతి తప్పుతున్న జేవియర్ మెదడుకు వచ్చిన మూర్ఛే వాళ్ల చావుకు కారణమని అర్థమవుతుంది. మూడేళ్ల కిందట చూపించిన సంతోషకరమైన 2023 ఆరేళ్లలో బూడిదైంది. మా శుభం కార్డు లాగేసుకున్నారని కొందరు అభిమానులు ఈనాటికీ మన్నించలేదు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, కానీ వాళ్లతో ఏకీభవించను. ఆ ముసలి జేవియర్ తన చేతుల్లో పోయిన పిల్లల్ని తలుచుకుని కుమిలిపోతుంటే మనకు నొప్పి కలిగేది, వాళ్లందరినీ అంతకుముందు సినిమాల్లో ప్రేమించాం గనుక. పాతదాన్ని నమ్మినవాడికే ఆ సినిమా పూర్తిగా తగులుతుంది. 2024లో ‘డెడ్‌పూల్ అండ్ వోల్వరిన్’ ఆ సినిమా చివర పోయిన లోగన్ సమాధిని తవ్వి, ఎముకల్ని ఆయుధాలుగా వాడినప్పుడు నాకు రుచించలేదు గాని, ఆ చనిపోయిన లోగన్‌ను లేపకుండా వేరే లోకపు లోగన్‌ను తెచ్చుకోవడం మాత్రం సరైన నిర్ణయం. చావు చావుగానే మిగిలింది.

2025 మార్చిలో మార్వెల్ స్టూడియోస్ ‘అవెంజర్స్: డూమ్స్‌డే’ నటుల జాబితా ప్రకటించినప్పుడు అందులో పాట్రిక్ స్టీవర్ట్, ఇయన్ మెకెలెన్, రెబెకా రోమైన్, జేమ్స్ మార్స్‌డెన్ పేర్లు ఉన్నాయి. స్టీవర్ట్ జేవియర్ ఇప్పటికి తెర మీద మూడుసార్లు చనిపోయాడు: 2006లో, ‘లోగన్’లో, 2022 నాటి డాక్టర్ స్ట్రేంజ్ సినిమాలో. కాబట్టి రాబోయేది ఏ లోకపు జేవియర్ అన్న తగువు తప్పదు. అనేక లోకాలున్నాయి అనే ఒక్క మాటతో దాన్ని తేల్చేయడం సులభం. నేను చూసేది మార్స్‌డెన్‌ను. 2006లో సరస్సు ఒడ్డున మాయమైపోయి, 2014లో కొన్ని క్షణాలు కనిపించి, ఎన్నడూ తన కథ తాను పూర్తిగా చెప్పుకోనివ్వని పాత్ర అది. ఆ స్కాట్ ఏ టైమ్‌లైన్ నుంచి వచ్చినా సరే, ఆ సరస్సు దగ్గర ఏం జరిగిందో, జీన్ తనకు ఏమయ్యేదో ఆ సినిమాకు తెలిసి ఉండాలి.