రిఫరెన్స్ దొరికితే చాలా?

(చర్చి యువజన కూటంలో వాదోపవాదం. అంశం: కాంకార్డెన్స్ (ఏ మాట బైబిల్లో ఎక్కడెక్కడ వస్తుందో చూపే పట్టిక), క్రాస్ రిఫరెన్సులు (ఒక వచనం నుంచి దానికి సంబంధించిన వేరే వచనాలకు దారి చూపే గుర్తులు), అంశాలవారీ వచనాల పట్టీలు బైబిల్ చదివేవాళ్లకు మేలు చేస్తాయా?)

అయ్యగారు: చేయవు. భయమేస్తే ఈ వచనం, అప్పులైతే ఆ వచనం అని పట్టీ చేతికిస్తే, ఇక అధ్యాయం ఎవరు చదువుతారమ్మా? బైబిల్‌ని మందుల చీటీ చేసేశాం.

టీచరమ్మ: ఆ అధ్యాయాలు మాత్రం మోషే పెట్టాడా, పౌలు పెట్టాడా అయ్యగారూ? 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ చేసిన విభజన అది. కొత్త నిబంధనలో ఇప్పుడు మనం వాడే వచనాల నంబర్లు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ప్రింటరు వేసినవి. అవి లేకపోతే మీరు "ఫలానా వచనం తీయండి" అని ఎలా అంటారు?

అయ్యగారు: వాటితోనూ తంటానే. అపొస్తలుల కార్యములు 21 చివర చూడు. పౌలు మెట్ల మీద నిలబడి, చేత్తో సైగ చేసి, హెబ్రీ భాషలో మొదలుపెడతాడు. ఏమన్నాడో 22లో ఉంది. మనవాళ్లు 21తో బైబిల్ మూసి పడుకుంటారు. పాపం, తెల్లారేదాకా పౌలు నోరు తెరుచుకునే ఉంటాడు!

టీచరమ్మ: నవ్వించారు గానీ, అది పడుకున్నవాళ్ల తప్పు.

అయ్యగారు: సరే, కొత్త సంవత్సరం రోజు డబ్బాలోంచి తీసుకునే వచనం కార్డు, అదే వాగ్దానం కార్డు, దాని సంగతి చెప్పు. "తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు", యోబు గ్రంథం 8:7. ఎన్ని ఇళ్ల గోడల మీద లేదూ! అది దేవుడన్న మాట కాదు, యోబు స్నేహితుడు బిల్దదు అన్నది. పిల్లల్ని పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబుతో, నీ పిల్లలు పాపం చేసే పోయారేమో అని 8:4లో అన్న పెద్దమనిషి ఆయనే.

టీచరమ్మ: కాంకార్డెన్స్‌లో బిల్దదు పేరు తీయండి. ఐదే చోట్లు. చివరిది 42:9. రెండు వచనాలు పైకి వెళ్తే, నా గురించి మీరు సరిగ్గా మాట్లాడలేదని దేవుడే ఆ స్నేహితుల మీద కోపపడతాడు. పట్టుమని పది నిమిషాల్లో మనిషి గుట్టు తెలిసిపోలేదా?

అయ్యగారు: మరి 42:12? యోబుకి చివరికి మొదటికంటే ఎక్కువే దక్కింది. బిల్దదు చెప్పిన కారణం తప్పు, జరిగింది మాత్రం ఆయన అన్నట్టే! ఈ మెలిక నీ ఐదు చోట్లలో దొరకదమ్మా. మధ్యలో యోబు వెళ్లబోసుకున్న గోడు అంతా వినాలి.

టీచరమ్మ: వినాల్సిందే. మరి వచ్చే జనవరి 1కి డబ్బాలోంచి ఆ కార్డు తీసేస్తారా?

అయ్యగారు: సంఘపెద్దలు ఊరుకుంటారా? వెనకవైపు "8:4, 42:7 కూడా చూడండి" అని అచ్చు వేయిద్దాంలే.

టీచరమ్మ: వాటినే కదండీ అయ్యగారూ, క్రాస్ రిఫరెన్సులంటారు!