గరిటె ఒకటి, కెమెరాలు ఆరు

మన స్టార్ క్రికెటర్ గారు ఒక ఆశ్రమంలో అన్నదానం చేశారు. చూడనివాళ్లు ఎవరైనా ఉంటే చేతులెత్తండి, దండం పెడతాను. పొద్దున్నే ఫోన్ తెరిస్తే ఆయన గరిటె. మా బావమరిది స్టేటస్‌లో ఆయన గరిటె. వెనకాల వీణ నాదం, స్లో మోషన్‌లో జారుతున్న సాంబారు.

మా వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న పెద్దాయన ఆ బంతిలో మూడో విస్తరి ముందు కూర్చున్నాడు. ఆయన చెప్పిందే రాస్తున్నాను, ఉప్పూకారం నావి కావు.

పదకొండింటికి కూర్చోబెట్టారట. పన్నెండున్నరకు వడ్డించారు. పెద్దాయన ముద్ద కలపబోతే టోపీ పెట్టుకున్న కుర్రాడొకడు పరుగున వచ్చి, "తాతా, తినకు తాతా! సార్ ఇంకా రాలేదు" అన్నాడు. సార్ వచ్చారు, గరిటె ఎత్తారు. వెలుగు సరిపోలేదు. మళ్లీ ఎత్తారు. ఈసారి తాత కెమెరావైపు చూశాడు. మూడోసారి ఎత్తేసరికి, పాపం, సార్‌కి వడ్డన అలవాటు లేదు కదా, సాంబారు వెళ్లి పూర్ణం బూరె మీద పడింది. నాలుగోసారి అన్నీ కుదిరాయనుకుంటే డ్రోన్ కిందికి దిగి, ఆ గాలికి విస్తళ్లు లేచిపోయాయి. బంతి బంతంతా రెండు చేతులతో విస్తళ్లు అదిమిపట్టుకుని కూర్చుంది. వీడియోలో అదే భక్తిగా చేతులు జోడించినట్టు కనిపిస్తోంది, గమనించారా?

కోనసీమలో డొక్కా సీతమ్మగారు జీవితమంతా అన్నం పెట్టారు. బ్రిటిష్ చక్రవర్తి ఫొటో అడిగితే ఆవిడ వద్దన్నారనీ, పంపకపోతే ఉద్యోగం పోతుందని అధికారి బతిమాలితేనే ఒప్పుకున్నారనీ చెప్పుకుంటారు. ఆవిడకు పీఆర్ టీమ్ లేకపోవడం ఎంత లోటో ఇప్పుడు అర్థమవుతోంది.

ఆటగాళ్లు దేవుడి పేరు ఎత్తకూడదని నేననను. హషీమ్ ఆమ్లా తన మతం ఒప్పుకోదని దక్షిణాఫ్రికా జెర్సీ మీద బీరు కంపెనీ లోగో వేసుకోలేదు. ఇమ్రాన్ ఖాన్ 1992 ప్రపంచకప్ చేతిలో పట్టుకుని క్యాన్సర్ ఆసుపత్రి మాటెత్తితే జట్టును మరిచాడని తిట్టారు. రెండేళ్లకు లాహోర్‌లో తల్లి పేరిట ఆసుపత్రి తెరిచాడు. జకాత్ (ముస్లింలు ఏటా ఇవ్వాల్సిన దానం), విరాళాలతో అక్కడ పేదలకు ఇప్పటికీ వైద్యం జరుగుతోంది. ఆయన రాజకీయాల సంగతి వేరే కథ, అది మనకొద్దు.

మన సార్ భక్తి మాత్రం కాస్త విశాలమైనది. అందులో డబ్బులు పెట్టి ఆడే యాప్‌లకు కూడా చోటుంది. "టీమ్ పెట్టు, కోట్లు కొట్టు" తరహా నవ్వొకటి నవ్వి, చివర్లో పురోహితుడు సంకల్పం చదివినంత స్పీడుగా "ఇది వ్యసనంగా మారవచ్చు, బాధ్యతతో ఆడండి" అనిపించేవారు. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో నిషేధించాయి. అయినా మ్యాచ్ మ్యాచ్‌కీ మన ఇళ్లలో టీవీల్లో సార్ నవ్వుతూనే ఉన్నారు. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేశాకే ఆ నవ్వు ఆగింది. అంతరాత్మ ఎప్పుడూ అడ్డం రాలేదు, చట్టమే రావాల్సి వచ్చింది.

మా ఊళ్లో ఒక కుర్రాడున్నాడు. నిషేధం ఉన్నా యాప్ ఆడేందుకు ఫోన్‌లో లొకేషన్ మార్చే ట్రిక్ ఎవడో నేర్పాడు. తండ్రి ట్రాక్టర్ వాయిదాకు దాచిన డబ్బు రెండు సీజన్లలో ఊడ్చేశాడు. ట్రాక్టర్ పోయింది. ఇప్పుడా తండ్రి కూలికి పోతున్నాడు. ఆ ఇంట్లో గోడ మీద ఎవరి పోస్టర్ ఉందో నన్ను అడగొద్దు. అయ్యా, ఆ తండ్రి తిండి లాక్కుని, అందులోంచి ఒక గరిటె సాంబారు తిరిగి పోసి దానికి అన్నదానమని పేరు పెడతారా? సిగ్గనేది ఉండక్కర్లేదా? యాప్ ఇచ్చిన డబ్బంతా తెచ్చి హుండీలో వేయండి. అక్కడ ఎవరు ఎంత వేశారో ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడమేగా మీ బాధ!

కోపం వచ్చింది, క్షమించాలి. మళ్లీ సీరియస్ విషయానికి వస్తాను.

సార్ సేవ ఇంతటితో ఆగదట. అదే ఆశ్రమంలో ముసలివాళ్లకు దుప్పట్లు పంచబోతున్నారని టోపీ కుర్రాడు చెప్పాడు. చలికాలంలో డేట్లు ఖాళీ లేవు. ఐపీఎల్ అయ్యాక, జూన్ మొదటి వారంలో పెట్టుకున్నారు. కప్పుకునే ఉండాలట, షూటింగ్ అయ్యేదాకా.