పిడక దెబ్బ తినే పద్ధతి

‘రామాయణంలో పిడకల వేట’ అని పెద్దలు తీసిపారేశారు గానీ, కర్నూలు జిల్లా ఆస్పరి మండలం కైరుప్పలలో పిడకలకే ఓ రామాయణం ఉంది. ఉగాది మర్నాడు ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకుంటుంది. కారణం ప్రేమ. వీరభద్రస్వామి భద్రకాళిని ప్రేమించి, పెళ్లి మాటెత్తేసరికి నానబెట్టాడట. అమ్మవారి తరఫువాళ్లకు ఒళ్లు మండి పిడకలందుకున్నారు. స్వామి తరఫువాళ్లు ఊరుకుంటారా? చివరికి పంచాయితీ జరిగి పెళ్లి కుదిరింది. పెళ్లి ఏటా చేయాలి కాబట్టి, కొట్లాటా ఏటా తప్పదు.

ఇది మోటు సరదా అనేవాళ్లకు ఒక మనవి. స్పెయిన్‌లోని బున్యోల్‌లో 1945 నుంచి టమాటాలతో కొట్టుకుంటున్నారు. 2013లో టికెట్ కూడా పెట్టారు. టమాటాను పిసికి మరీ విసరాలని అక్కడ నిబంధన. టమాటాలు పారబొయ్యడం మనకూ తెలుసు. ధర పడిపోయిన రోజు పత్తికొండలో రోడ్డు మీదే, టికెట్ లేకుండా. పిడకను పిసికితే మాత్రం చేతిలో మిగిలేది పొడి. అందుకే కైరుప్పలకు ఆ నిబంధన పనికిరాదు.

ఇక ఆయుధం సంగతి. పేడలో సొప్ప తుంపులో, బుడ్డల (వేరుశనగ కాయల) పొట్టో కలిపి, ముద్ద చేసి, అయిదు వేళ్ల అచ్చు పడేలా తట్టాలి. పైపొర గట్టిపడ్డాక తిరగెయ్యాలి. బద్ధకించి తిరగెయ్యకపోతే అడుగున పచ్చి నిలుస్తుంది. చూడ్డానికి ఎండినట్టే ఉంటుంది, నుదుటికి తగిలాక తెలుస్తుంది దాని బరువు. మరీ పల్చగా తట్టింది గాల్లోనే పగిలిపోతుంది. ఎవరికీ తగలదు, అందరి కళ్లలోనూ పడుతుంది. వేలితో కొడితే టకటకమని మోగేదే సరైన పిడక. దాన్ని రాయి విసిరినట్టు విసిరితే పల్టీలు కొట్టి మధ్యలోనే రాలుతుంది. పళ్లెం విసిరినట్టు అడ్డంగా వదలాలి. అన్నట్టు, కుప్పలో చెయ్యి పెట్టే ముందు కట్టెతో ఒకసారి కదపండి. పిడకల కింద తేళ్లు కాపురముంటాయి, వాటికి అమ్మవారి పక్షం, స్వామి పక్షం తేడా లేదు.

కాసేపటికే దుమ్ము లేస్తుంది. ఎవరు మనవాళ్లో, ఎవరు అవతలివాళ్లో తెలియదు. అసలు మజా అంతా ఇక్కడే. మామూలు కొట్లాటలో కొట్టినవాడి పేరు తెలుస్తుంది. పేరు తెలిస్తే కేసు, కేసుంటే వాయిదా, వాయిదా ఉంటే వకీలు. సీమలో పాత కక్షలన్నీ పేర్లు గుర్తుపెట్టుకోవడం వల్ల నడిచినవే. పిడక మీద పేరుండదు. వీపు మీద పడింది బావమరిదిదో, బాకీ ఉన్నవాడిదో తేల్చే శాస్త్రం ఇంకా పుట్టలేదు. తిన్నవాడు నవ్వుతాడు, ఏం చేస్తాడు మరి!

వెళ్లేవాళ్లు పాత చొక్కా వేసుకోండి. తడి టవాలు తలకూ ముక్కుకూ కలిపి చుట్టుకోండి. కళ్లద్దాలు ఇంట్లో పెట్టండి. వీడియో తీసేవాళ్లకు దెబ్బలెక్కువ. రెండు చేతులూ, రెండు కళ్లూ ఫోన్‌కే ఇచ్చేసినవాడు ఇక దేనితో తప్పించుకుంటాడు? ఆ పని మిద్దె మీంచి చేసుకోవచ్చు. కంట్లో పడితే నలపకూడదు, నీళ్లతో కడగాలి. గాయాలకు విభూతి రాయడం ఆచారం, రాయించుకోండి. కానీ పేడలో ధనుర్వాతం క్రిములుంటాయి. ఇంజెక్షన్ కూడా వేయించుకుంటే స్వామికి కోపం రాదు.

దుమ్ము అణిగాక కొట్టినవాళ్లూ తిన్నవాళ్లూ కలిసే కల్యాణానికి వస్తారు. అక్కడ అక్షింతలకని తల వంచితే, ముందు రాలేది బుడ్డల పొట్టు.