గర్భానికి స్టే ఇవ్వండి, ధర్మప్రభువులారా!

అబార్షన్ మీద ఇన్నేళ్లుగా కొట్టుకుంటున్నాం కదా, తప్పు చట్టానిదని కొందరు, సమాజానిదని కొందరు, ఆడవాళ్లదని చాలామంది. నేను తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే తేలిందేమిటంటే, తప్పు గర్భానిది. దానికి బొత్తిగా క్రమశిక్షణ లేదు. కోర్టుకి సెలవులొచ్చినా పెరుగుతుంది, బెంచ్ మారినా పెరుగుతుంది, లాయరుగారికి జ్వరమొచ్చి వాయిదా అడిగినా పెరుగుతూనే ఉంటుంది. ఆస్తి తగాదాలు చూడండి, తాత వేసిన దావా మనవడి దాకా ఎంత బుద్ధిగా కూర్చుంటుందో! దీనికే తొందర.

అందుకని సవినయంగా ఒక చట్టం ప్రతిపాదిస్తున్నాను. పేరు గర్భ వాయిదా చట్టం. పిటిషన్‌కి నంబరు పడిన క్షణం నుంచి తుది తీర్పు దాకా పిండం యథాతథ స్థితిలో ఉండాలి. ఒక్క కణం కూడా రెండు కాకూడదు. అయిందో, కోర్టు ధిక్కారం కింద నోటీసు.

నవ్వకండి, అవసరం ఎంతుందో వినండి. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ముందుకు ఒక వివాహిత వచ్చింది. అప్పటికే ఇద్దరు పిల్లలు, కాన్పు తర్వాత పట్టుకున్న డిప్రెషన్, చంటిబిడ్డకి పాలిస్తున్న రోజులు కాబట్టి నెలసరి రాకపోయినా అనుమానం రాలేదు, తెలిసేసరికి ఆలస్యమైపోయింది. 9వ తేదీన ఇద్దరు జడ్జీలు సరేనన్నారు. ఆ తర్వాత డాక్టరు దగ్గర్నుంచి ఒక ఈమెయిల్, పిండం బతికే అవకాశం ఉంది, గుండె ఆపాలా వద్దా చెప్పండి అని. 11న అదే ఇద్దరు జడ్జీలు చెరోమాట అన్నారు. 16న ముగ్గురు జడ్జీలు కుదరదన్నారు, గర్భం 26 వారాల 5 రోజులైంది కాబట్టి. మన చట్టం గీసిన 24 వారాల గీత ఎలాగూ దాటిపోయిందనుకోండి. ఆ డాక్టరు అడిగిన ప్రశ్న కూడా చిన్నది కాదు, దాన్ని వెక్కిరించే ధైర్యం నాకు లేదు. నా బాధల్లా లెక్క గురించే. 9 నుంచి 16 దాకా ఏడు రోజులు. అందులో ఒక్కటైనా వ్యవస్థ ఖాతాలో రాశారా? ఏడూ ఆవిడ ఖాతాలోకే వెళ్లాయి.

లెక్కలంటే గుర్తొచ్చింది, గర్భం వయసు ఎప్పటినుంచి లెక్కేస్తారో తెలుసా? ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి. అంటే మొదటి రెండు వారాలు లోపల ఎవరూ లేరు. ఇంట్లో దిగకముందే అద్దె మొదలు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో 2021 సెప్టెంబర్‌లో అమల్లోకొచ్చిన చట్టం ప్రకారం పిండం గుండె చప్పుడు దొరికితే అబార్షన్ కుదిరేది కాదు, అది సుమారు ఆరో వారంలో దొరుకుతుంది. ఆరులో రెండు ఉత్తుత్తివి. నెలసరి తప్పేది నాలుగు నిండాక. మిగిలినవి రెండు, అదీ నెలసరి గడియారంలా వచ్చే మనిషికి. ఆ రెండు వారాల్లోనే టెస్టు, ఆ రెండు వారాల్లోనే టెన్షన్, ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు, డబ్బెక్కడిది, సెలవెలా దొరుకుతుంది, అన్నీ. దీనికి తోడు అక్కడ చాలా రాష్ట్రాల్లో 24 గంటలో 72 గంటలో ఆగి ఆలోచించుకోమంటారు. అప్పటిదాకా ఆవిడ ఆలోచించకుండానే అక్కడికి వచ్చి కూర్చుందని వాళ్ల నమ్మకం.

మన దగ్గర 1971 నాటి అబార్షన్ చట్టం 20 వారాల దాకా సరేనంది. 2021 సవరణ కొన్ని రకాల స్త్రీలకు 24 అంది. అంటే 22 వారాల పిండం నిన్నటిదాకా గీతకు అవతల, ఇవాళ గీతకు ఇవతల. ఆ రాత్రికి రాత్రి పిండంలో ఏం మారిందో ఏ స్కానింగ్‌లోనూ కనపడదు, గెజిట్‌లో మాత్రం స్పష్టంగా కనపడుతుంది. ఆ కొన్ని రకాల జాబితాలో అత్యాచార బాధితులున్నారు, మైనర్లున్నారు, గర్భంతో ఉండగా భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు ఉన్నారు. పెళ్లికానివాళ్లు లేరు. 2022 జూలైలో హైకోర్టు అదే మాట చెప్పి ఒకామెను వెనక్కి పంపింది, సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు వివరంగా తీర్పు రాసి పెళ్లికానివాళ్లూ ఆడవాళ్లేనని తేల్చింది. గర్భాశయానికి పెళ్లి సర్టిఫికెట్ చదవడం రాదని కనిపెట్టడానికి 1971 నుంచి అంతకాలం పట్టింది.

ఇంకో సంగతి, మనలో చాలామంది ఆ 1971 చట్టాన్ని ఆడవాళ్ల హక్కుల చట్టం అనుకుంటారు. అబార్షన్ 1860 నాటి శిక్షాస్మృతిలో నేరం, దాని స్థానంలో ఇప్పుడొచ్చిన న్యాయ సంహితలోనూ నేరమే. 1971 చట్టం చెప్పేదల్లా, రూల్స్ ప్రకారం చేసిన డాక్టరు నేరస్తుడు కాడని. వానలో తడుస్తున్నది ఒకరు, గొడుగు పట్టింది ఇంకొకరికి.

తత్వవేత్తలు ఏమైనా తేల్చారేమో చూద్దామని వెళ్లాను. పిండం కదలిక మగబిడ్డయితే 40వ రోజున, ఆడబిడ్డయితే 90వ రోజున మొదలవుతుందన్నాడు అరిస్టాటిల్. కడుపులో కూడా ఆడపిల్ల లైన్లో వెనకే నిలబడాలి. 1971లో జూడిత్ జార్విస్ థామ్సన్ ఒక కథ చెప్పింది: పొద్దున లేచేసరికి కిడ్నీలు పాడైన గొప్ప వయొలిన్ విద్వాంసుణ్ణి మీ ఒంటికి గొట్టాలతో కలిపేశారు, తొమ్మిది నెలలు ఓపిక పట్టండి, ఊడదీస్తే ఆయన చచ్చిపోతాడు, ఇప్పుడు మీరేం చేస్తారు? పిండం మనిషే అని వాదన కోసం ఒప్పుకునే ఆవిడ ఆ ప్రశ్న వేసింది, గమనించాలి. 1989లో డాన్ మార్క్విస్ అవతలి నుంచి అన్నాడు, చంపడం ఎందుకు తప్పు, ముందున్న బతుకంతా లాక్కుంటాం కాబట్టి, మరి పిండానికి ముందున్నదీ అలాంటి బతుకే కదా అని. రెండూ బరువైన మాటలే. చదివినంతసేపూ థామ్సన్ రైటు, పక్క పేజీ తిప్పితే మార్క్విస్ రైటు. మన చర్చల్లో ఈ ఇబ్బంది రాదు, ఎవరూ పేజీ తిప్పరు. కావాలనుకున్న గర్భమైతే ఎనిమిదో వారానికే స్కాన్ ఫొటో ఫ్రేము కట్టించి బిడ్డ అంటాం, వద్దనుకున్నదైతే కణాల ముద్ద అంటాం. ఇక ప్రాణం పవిత్రమని గొంతు చించుకునేవాళ్ల సంగతి, ఆ ప్రాణం బయటికొచ్చి కేర్‌మన్న మరుక్షణం వాళ్లకి వేరే పని గుర్తొస్తుంది.

ఐర్లండ్ వాళ్లు 1983లో తల్లికీ కడుపులో బిడ్డకీ ప్రాణహక్కు సమానమని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 2012 అక్టోబర్‌లో అక్కడ ఉంటున్న సవితా హలప్పనవార్‌కి 17వ వారంలో గర్భం పోవడం మొదలైంది. నిలబడదని డాక్టర్లకి తెలుసు. పిండం గుండె ఇంకా కొట్టుకుంటోందని ఆగారు. తీసేయమని ఆవిడ అడిగింది, అయినా ఆగారు. ఆ గుండె ఆగేసరికి ఆవిడ ఒంట్లో సెప్సిస్ అనే ప్రాణాంతక ఇన్ఫెక్షన్ పాకింది. 28న చనిపోయింది, 31 ఏళ్లు. ఈ పేరాలో జోకు లేదు. 2018 మేలో 66.4 శాతం ఓట్లతో జనం ఆ వాక్యం తీసేశారు.

సరే, నా చట్టానికి వద్దాం. పిండాన్ని ఆపడం శాస్త్రప్రకారం కుదరదు అనే పెద్దమనుషులకి నా దగ్గర జవాబుంది. ఫ్రీజర్. 2024 ఫిబ్రవరిలో అమెరికాలోని అలబామా రాష్ట్ర సుప్రీంకోర్టు ఫ్రీజర్‌లో దాచిన పిండాలు కూడా పిల్లలేనంది. ఫ్రీజర్‌లో పిండాలైతే చెప్పినచోట కదలకుండా ఉంటాయి, వాయిదాకి హాజరు కాగలిగిన ఆదర్శ గర్భం అంటే అదీ. ఏదైనా పొరపాటైతే తమ మీద కేసులు పడతాయేమోనని అక్కడి కొన్ని క్లినిక్కులు ఐవీఎఫ్ ఆపేశాయి, పిల్లలు కావాలనుకునేవాళ్లు గొల్లుమన్నారు, మార్చి మొదటి వారానికల్లా క్లినిక్కులకి రక్షణగా కొత్త చట్టం వచ్చేసింది. మూడు వారాల్లోపు! చేయాలనుకుంటే చట్టసభలు పిండం కంటే వేగంగా పెరగగలవన్నమాట.

నా ముసాయిదాని ఒక లాయరు మిత్రుడికి చూపించాను. అంతా చదివి రో కేసు చూశావా అన్నాడు. అదే, 1973 జనవరి 22న అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో దేశమంతటా అబార్షన్ హక్కు తెచ్చి, 2022 జూన్ 24న అదే కోర్టు కొట్టేసిన కేసు. వేసింది 1970 మార్చిలో. కేసు వేసిన ఆవిడ ఆ జూన్‌లోనే ప్రసవించి బిడ్డని దత్తతకిచ్చేసింది. ఆవిడ గెలిచేసరికి ఆ బిడ్డకి రెండున్నరేళ్లు. చూశావా, నా చట్టం అప్పుడే ఉంటే ఈ అన్యాయం జరిగేదే కాదు అన్నాను. అవును, యథాతథ స్థితి కదా, ఆవిడ దాదాపు మూడేళ్లు కడుపుతోనే ఉండేది అన్నాడు.

ఆ కోణం నేను చూడలేదు. సవరణలో పెడతాను.